పుట్టిన దూడ పారుకుంటుంటే ఏం చేయాలి? ఏ బ్యాక్టీరియా పనో ఎలా గుర్తించాలి?

పుట్టి వారం కూడా కాని దూడ నీళ్లలా పారుకుంటుంటే చాలామంది మొదట అడిగేది ‘ఏ యాంటీబయాటిక్ వేయాలి?’ అనే. ఆ ప్రశ్నకు సమయం తర్వాత వస్తుంది. పారుడుతో చనిపోయే దూడల్లో ఎక్కువ వాటి ప్రాణం తీసేది ఒంట్లో నీరు, లవణాలు తరిగిపోవడం, రక్తంలో ఆమ్లం పెరిగిపోవడం. క్రిమి ఏదైనా కానివ్వండి, దూడను పడగొట్టే దారి ఇదే. అందుకే ముందు దూడ ఎంత ఎండిపోయిందో చూసి నీరు అందించడం మొదలుపెట్టండి. క్రిమి సంగతి ఆ తర్వాత చూడొచ్చు. క్రిమి పేరు తెలుసుకోవడం అవసరమే. అయితే దానివల్ల ఈ దూడకు కలిగే మేలు కన్నా, రేపు పుట్టబోయే దూడలకు కలిగే మేలే ఎక్కువ.

ముందు అది పారుడో కాదో తేల్చుకోండి

పాలు మాత్రమే తాగే దూడ పేడ ముద్దలా, పసుపు రంగులో, కాస్త జిగటగా ఉండటం మామూలే. పాలు ఎక్కువ తాగిన రోజు కొంచెం పలచబడుతుంది కూడా. అలాంటి దూడ గంతులేస్తూ, పాల వేళకు ఎగబడి వస్తుంటే కంగారు పడనక్కర్లేదు. అనుమానంగా ఉంటే కింద పరిచిన ఎండుగడ్డిని చూడండి. పేడ గడ్డిమీద నిలిస్తే అది పలచటి పేడ. గడ్డిలోంచి కిందికి ఇంకిపోయి, పైన మరక మాత్రమే మిగిలితే అది పారుడు. తోక, తొడల వెనక భాగం తడిసి వెంట్రుకలు అట్టకట్టి ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

పేడ రంగు చూసి మాత్రం క్రిమి పేరు చెప్పేయకండి. తెల్లగా ఉంటే ఫలానా, పచ్చగా ఉంటే ఫలానా అనే లెక్కలు నమ్మదగినవి కావు. రక్తం, చీము పొరల్లాంటి ముక్కలు, భరించలేని దుర్వాసన ఉన్నాయా అన్నవి మాత్రం పనికొచ్చే గుర్తులు.

దూడ ఎంత ఎండిపోయిందో చూడండి

దీనికి కావలసింది మీ చేతులు, కళ్లు, ఒక థర్మామీటరు.

మెడ పక్కన చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి మడతలా పైకి లాగి, కొంచెం తిప్పి వదలండి. ఆరోగ్యంగా ఉన్న దూడలో ఆ మడత వెంటనే సర్దుకుంటుంది. రెండు మూడు సెకన్లు నిలబడితే ఒంటి బరువులో 6 నుంచి 8 శాతం నీరు పోయిందని అంచనా. అయిదు సెకన్లు దాటినా మడత అలాగే ఉంటే పది శాతం దగ్గరికి వచ్చింది. ఇప్పుడు కింది కనురెప్పను మెల్లగా కిందికి లాగి, కనుగుడ్డుకూ రెప్పకూ మధ్య చూడండి. మామూలుగా అక్కడ ఖాళీ ఉండదు. సన్నని సందు కనిపిస్తే నీరు తగ్గినట్టే. కన్ను గుంటలోకి దిగి సందు స్పష్టంగా తెలుస్తుంటే దూడ ప్రమాదంలో ఉంది. 12 శాతం దాటితే బతకడం కష్టం.

తర్వాత శుభ్రంగా కడిగిన వేలిని దూడ నోట్లో పెట్టండి. బాగున్న దూడ వేలిని నాలుకతో చుట్టి గట్టిగా చీకుతుంది. చీకడం బలహీనంగా ఉంటే ఆమ్లం పెరుగుతోందని అర్థం. అసలు చీకకుండా, నోరు లోపల చల్లగా తగిలితే ఇంట్లో చేసే వైద్యం దాటిపోయింది, వెంటనే పశువైద్యుడు రావాలి. చర్మం మడత చూసేవాళ్లు చాలామందే ఉంటారు. ఈ వేలి పరీక్షను మాత్రం వదిలేస్తుంటారు. నన్నడిగితే, నోటిద్వారా నీరు పట్టాలా, నరంలోకి ఎక్కించాలా అన్నది తేల్చేది ఇదే.

చివరగా ఆసనంలో థర్మామీటరు పెట్టి జ్వరం చూడండి. లేగదూడకు 101 నుంచి 103 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. అంతకు మించితే జ్వరం. 100 కన్నా తగ్గితే జ్వరం కన్నా పెద్ద ప్రమాదం. దూడను పొడిగా తుడిచి, వెచ్చగా కప్పి, డాక్టరును పిలవండి.

నీరు, లవణాలు అందించడం

దూడ లేచి నిలబడుతూ, చీకగలుగుతుంటే నోటిద్వారా ఇచ్చే ఓఆర్ఎస్ సరిపోతుంది. దూడల కోసమే తయారుచేసిన పొడి దొరికితే అదే వాడండి. అందులో సోడియం, గ్లూకోజు, పొటాషియంతో పాటు రక్తంలో ఆమ్లాన్ని తగ్గించే బైకార్బనేటు లేదా ఎసిటేటు తగినంత ఉంటాయి. మనుషుల ఓఆర్ఎస్‌లో ఆ భాగం తక్కువ. వేరే దారి లేనప్పుడు ఏమీ ఇవ్వకపోవడం కన్నా అది మేలే, కానీ దూడల పొడి చేతికందగానే మార్చేయండి. ఏ పొడైనా ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లే కొలిచి పోయండి. నీళ్లు తక్కువైతే ద్రావణం చిక్కబడి, ఒంట్లో ఉన్న నీటిని కూడా పేగులోకి లాగేస్తుంది.

ఇంట్లో ఉప్పు, పంచదార కలిపి పట్టొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. వద్దు. దూడ పేగులో పంచదారను విడగొట్టే ఎంజైము దాదాపు ఉండదు. అరగని పంచదార పేగులో ఉండిపోయి, నీటిని తనవైపు లాక్కుని పారుడును ఇంకా పెంచుతుంది. గ్లూకోజు అలా కాదు. పేగు గోడ గ్లూకోజును పీల్చుకునేటప్పుడు దానితోపాటు సోడియంనూ లోపలికి తీసుకుంటుంది, సోడియం వెంట నీరు వెళుతుంది. ఓఆర్ఎస్ పనిచేసేది ఈ సూత్రం మీదే.

మోతాదు ఎంత? ఒక్కో విడతకు ఒంటి బరువులో అయిదు శాతం లెక్కపెట్టుకోండి. 40 కిలోల దూడకు 2 లీటర్లు, 25 కిలోల దూడకు లీటరుంబావు. గోరువెచ్చగా, దూడ ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. రోజుకు రెండు మూడు విడతలు, పారుడు ధారాపాతంగా ఉంటే నాలుగు విడతలు. 40 కిలోల దూడ 8 శాతం ఎండిపోయిందంటే ఇప్పటికే 3.2 లీటర్ల నీరు పోగొట్టుకుంది. ఆ తర్వాత పారేది దీనికి అదనం. కాబట్టి అరలీటరు పట్టి ఊరుకుంటే ఆ లోటు ఎప్పటికీ పూడదు.

పాలు మాత్రం మానిపించకండి. పారుడు తగ్గేదాకా పాలు ఆపాలనే అలవాటు ఇంకా బలంగా ఉంది, దానివల్ల దూడలు ఆకలితో నీరసించి పోతున్నాయి. ఓఆర్ఎస్‌లో ఉండే శక్తి దూడకు ఏమాత్రం చాలదు. మామూలు పాలు మామూలు వేళకే, కావాలంటే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వండి. బైకార్బనేటు ఉన్న ఓఆర్ఎస్ పాలను కడుపులో గడ్డకట్టనివ్వదు కాబట్టి పాలకూ దానికీ మధ్య కనీసం రెండు గంటల తేడా పాటించండి. పాలలో కలిపి పట్టకండి.

చీకలేని దూడకు సీసాతో బలవంతంగా పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోయి, పారుడు చంపని దూడను న్యుమోనియా చంపుతుంది. నోటినుంచి కడుపులోకి గొట్టం వేయడం నేర్చినవాళ్లు ఉంటే ఓఆర్ఎస్‌ను గొట్టంతో పోయొచ్చు, జబ్బు దూడకు పాలు మాత్రం ఆ దారిన పోయకూడదు. గొట్టంతో పోసిన పాలు ముందు రూమెన్ అనే మొదటి కడుపు గదిలోకి చేరి అక్కడ పులుస్తాయి. లేవలేక పక్కకు పడిపోయిన దూడకు సెలైన్, బైకార్బనేటు నరంలోకే ఎక్కాలి, అది డాక్టరు చేయవలసిన పని.

ఇప్పుడు క్రిమి సంగతి: వయసును రోజుల్లో లెక్కించండి

ప్రయోగశాల ఫలితం వచ్చేలోపు మీ దగ్గరున్న మంచి ఆధారం దూడ వయసే. ‘చిన్న దూడ’ అని కాకుండా పారుడు మొదలైన నాటికి ఎన్ని రోజులో చెప్పండి. డాక్టరుకు ఫోన్లో చెప్పే మొదటి మాట కూడా అదే కావాలి.

మొదటి నాలుగైదు రోజుల్లో, రక్తం లేకుండా నీళ్లలా కారుతూ, గంటల్లోనే దూడ కూలబడిపోతుంటే ముందు అనుమానించవలసింది విషాన్ని విడుదల చేసే ఈ.కోలి రకాన్ని. ఈ.కోలి అన్నీ చెడ్డవి కావు, ప్రతి దూడ పేగులోనూ ఉంటాయి. రోగం తెచ్చే ఈ రకం ఒంటిమీద కె99 అనే సన్నని నూగులాంటి నిర్మాణాలు ఉంటాయి. వాటితో పేగు గోడను పట్టుకుని వేలాడుతూ, వేడికి చెడని విషాన్ని వదులుతుంది. ఆ విషం పేగు కణాలను పాడుచేయదు, కానీ వాటిచేత లవణాలను, నీటిని పేగులోకి వదిలించేస్తుంది. దూడ వయసు పెరిగేకొద్దీ కె99 పట్టుకోవడానికి పేగులో చోటు తగ్గిపోతుంది. అందుకే వారం దాటిన దూడలో ఇది అరుదు. పేగు పొర చెక్కుచెదరదు కాబట్టి గ్లూకోజు, సోడియం పీల్చుకునే శక్తి అలాగే ఉంటుంది. అంటే నీరు వేళకు అందిస్తే అన్ని పారుళ్లలోకీ చక్కగా కోలుకునేది ఇదే. ఆలస్యం చేస్తే ఒక్క రోజులోనే చంపేదీ ఇదే.

ఈ.కోలిదే ఇంకో దారి ఉంది. జున్నుపాలు అందని దూడలో అది బొడ్డు నుంచో, నోటి నుంచో నేరుగా రక్తంలోకి ఎక్కేస్తుంది. అప్పుడు పారుడు పెద్దగా ఉండకపోవచ్చు. దూడ మొద్దులా పడి ఉండటం, కీళ్లు వాచడం, కంటిలో తెలుపు కమ్మడం, మెడ బిర్రబిగియడం కనిపిస్తాయి. పేడ బాగానే ఉందని ఊరుకోకండి, ఇది పారుడుకన్నా ప్రమాదం.

మొదటి పది రోజుల్లో, అందులోనూ బాగా పుష్టిగా, ఎగబడి పాలు తాగే దూడ ఉన్నట్టుండి కడుపునొప్పితో తన్నుకుంటూ, పొట్ట ఉబ్బి, రక్తంతో పారుకుంటే క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ సి రకాన్ని అనుమానించండి. కొన్నిసార్లు పారుడు కూడా లేకుండా దూడ చచ్చిపడి ఉంటుంది. దీని బీటా విషాన్ని ట్రిప్సిన్ అనే జీర్ణరసం మామూలుగా నాశనం చేసేస్తుంది. కానీ జున్నుపాలలో ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం ఉంటుంది. దూడను కాపాడే ప్రతిరక్షకాలు పేగులో అరిగిపోకుండా చూడటమే దాని పని, ఆ నీడలో ఈ విషం కూడా బతికిపోతుంది. వైద్యంతో నిలిచేవి తక్కువ. ఇక్కడ తల్లికి వేసే టీకానే నమ్ముకోవాలి.

సాల్మొనెల్లా ఎక్కువగా పది రోజుల నుంచి మూడు నెలల లోపు దూడల్లో వస్తుంది, మురికి కొట్టంలో ఇంకా ముందే రావొచ్చు. టైఫిమ్యూరియం, డబ్లిన్ అనే రకాలు ముఖ్యమైనవి. గట్టి జ్వరం, కుళ్లు వాసన, రక్తం, పేగు పొర ఊడివచ్చినట్టు తెల్లటి ముక్కలు దీని గుర్తులు. డబ్లిన్ రకంలో పారుడు లేకుండా దగ్గు, ఆయాసం మాత్రమే కనిపించడమూ ఉంది. బతికిన దూడల్లో కొన్నిటికి చెవి కొనలు, తోక చివర ఎండి రాలిపోతాయి. ఇది మనుషులకూ అంటుకుంటుంది. అనుమానం వచ్చిన క్షణం నుంచి పిల్లలను, ముసలివాళ్లను, గర్భిణులను ఆ దూడ దగ్గరికి రానివ్వకండి. ఆ కొట్టంలోని పాలు కాచకుండా ఎవరూ తాగకూడదు. దూడను ముట్టిన చేతులు సబ్బుతో కడిగాకే తిండి ముట్టండి.

పేగు గోడకు అతుక్కుని అక్కడి పొరను అరగదీసే ఈ.కోలి రకాలు కూడా మొదటి వారాల్లో రక్తపు చారలతో పారుడు తెస్తాయి. వాటిని ప్రయోగశాలే తేల్చాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అయిదో రోజు దాటాక మొదలయ్యే పారుడులో బ్యాక్టీరియా కన్నా రోటా, కరోనా వైరస్‌లు, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఎక్కువగా కారణమవుతాయి. తరచూ రెండు మూడు కలిసే ఉంటాయి. వీటిమీద మామూలు యాంటీబయాటిక్‌లు పనిచేయవు. వీటివల్ల పేగు లోపలి నూగు రాలిపోతుంది కాబట్టి కోలుకోవడానికి రోజులు పడుతుంది, అన్ని రోజులూ నీరు పట్టే ఓపిక మీకు ఉండాలి. గేదెదూడ రెండు మూడు వారాల వయసులో బంకమట్టి రంగు పేడ వేస్తూ, వాసన కొడుతూ, చిక్కిపోతుంటే పాలద్వారా వచ్చే పెద్ద ఏలికపాములను కూడా గుర్తుంచుకోండి.

యాంటీబయాటిక్ ఎప్పుడు?

జ్వరం ఉన్నా, పేడలో రక్తం ఉన్నా, దూడ పాలు వదిలేసినా, లేవలేకపోతున్నా, బొడ్డు లేదా కీళ్లు వాచినా ఇవ్వాలి. ఈ గుర్తుల్లో క్రిమి రక్తంలోకి ఎక్కి ఉండే అవకాశం ఎక్కువ. ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెప్పినట్టు పూర్తిగా వాడండి. చలాకీగా ఉండి, పాలు తాగుతూ, జ్వరం లేని దూడకు పారుడు ఉందన్న ఒక్క కారణంతో వేయకండి. నోటిద్వారా వేసిన మందు పేగులోని మేలుచేసే క్రిములనూ చంపి కొత్త పారుడుకు దారి తీయగలదు. పైగా మొండికేసిన ఈ.కోలి, సాల్మొనెల్లా మీ కొట్టంలోనే తయారవుతాయి.

పేగు కదలికను ఆపేసే మనుషుల మాత్రలు అసలు వద్దు. పారడం ఆగినట్టు కనిపిస్తుంది, లోపల విషం, క్రిములు నిలవుంటాయి. పేడను గట్టిపరిచే కేవొలిన్ లాంటి పొడులది కూడా పైపై మెరుగే, పేగులోకి చేరిన నీరు రక్తానికి తిరిగి రాదు.

నమూనా తీయడం

ఒక్క దూడ పారుకుంటే వైద్యం చేసి చూడొచ్చు. రెండో దూడకూ వచ్చిందంటే పరీక్ష చేయించండి. యాంటీబయాటిక్ పడకముందే, పారుడు మొదలైన రోజే, వీలైతే రెండు మూడు దూడల నుంచి తీయాలి. నేలమీది పేడ పనికిరాదు. తొడుగు వేసుకుని ఆసనాన్ని వేలితో నిమిరితే దూడ పేడ వేస్తుంది, దాన్ని నేరుగా శుభ్రమైన మూత డబ్బాలో పట్టండి. దూడ వయసు, తేదీ రాసి, మంచుగడ్డల మధ్య పెట్టి 24 గంటల్లోపు ప్రయోగశాలకు చేర్చండి, గడ్డకట్టించకండి. దూడ చనిపోతే పోస్టుమార్టం గంటల్లోనే జరగాలి. పేగులు చాలా త్వరగా కుళ్లుతాయి, మర్నాటికి చూడటానికి ఏమీ మిగలదు. నివేదికలో ‘ఈ.కోలి పెరిగింది’ అని మాత్రమే ఉంటే సంతృప్తి పడకండి, కె99 ఉందా అని అడగండి.

జబ్బు కొట్టం దాటకుండా

పారుకునే దూడను విడిగా కట్టేయండి. దాని బకెట్టు, సీసా, పార వేరుగా ఉంచండి. ముందు బాగున్న చిన్న దూడలకు పాలు పట్టి, జబ్బు దూడ దగ్గరికి చివరన వెళ్లండి. కొట్టం శుభ్రం చేసేటప్పుడు ముందు పేడ ఎత్తి, సబ్బునీళ్లతో రుద్ది కడిగి, ఆరబెట్టాకే క్రిమిసంహారకం చల్లండి. పేడమీద చల్లిన బ్లీచింగు పేడతోనే ఖర్చయిపోతుంది. క్రిప్టోస్పోరిడియంమీద చాలా క్రిమిసంహారకాలు పనిచేయవు, ఎండ, పొడిదనమే దాన్ని అదుపు చేస్తాయి.

వరసగా ఈనే కాలంలో చివర పుట్టిన దూడలకే ఎక్కువ జబ్బు చేయడం గమనించే ఉంటారు. ముందు పుట్టిన దూడలు క్రిములను పెంచి నేలమీద వదులుతాయి, వెనక వచ్చేవి అందులోనే పుడతాయి. అమెరికాలోని నెబ్రాస్కా పశువైద్యులు దీనికి చెప్పిన ఉపాయం బాగుంది. దూడలను తరలించడం కాదు, ఇంకా ఈనని చూడి ఆవులను కొత్త నేలకు మార్చుకుంటూ పోవడం. ఈనిన తల్లులు, దూడలు పాత చోటే ఉంటాయి. చోటు తక్కువున్నవాళ్లు కనీసం ఈనే చోటును, పారుడు దూడలను కట్టే చోటును కలపకుండా చూసుకోవచ్చు.

తర్వాతి దూడ కోసం

ఆవు మావి ప్రతిరక్షకాలను దూడకు దాటనివ్వదు. దూడ రక్షణ లేకుండానే పుడుతుంది, అది దక్కేది జున్నుపాలలోనే. థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అనే శాస్త్రవేత్తలు 1922లోనే జున్నుపాలు అందని దూడలు బ్యాక్టీరియా రక్తంలోకి ఎక్కి ఎలా చనిపోతాయో చూపించారు. మావి పడేదాకా పట్టకూడదనే పట్టింపు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. పుట్టిన రెండు గంటల్లో, ఆలస్యమైనా నాలుగు గంటల్లో, ఒంటి బరువులో పదోవంతు పట్టండి. 40 కిలోల దూడకు అది 4 లీటర్లు. 24 గంటలయ్యేసరికి ప్రతిరక్షకాలను దాటించే పేగు దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత తాగినవి పేగులో కొంత కాపలా కాస్తాయి, రక్తంలోకి మాత్రం వెళ్లవు.

పొదుగు కడిగి, శుభ్రమైన గిన్నెలో పిండండి. మురికి గిన్నెలో చేరిన బ్యాక్టీరియా జున్నుపాలలో వేగంగా పెరిగి, ప్రతిరక్షకాలు లోపలికి వెళ్లకుండా అడ్డుపడుతుంది. జున్నుపాల నాణ్యత చూసే బ్రిక్స్ మీటరు ఉంటే అది కనీసం 22 శాతం చూపించాలి, అంతకు తగ్గితే వేరే ఆవు మంచి జున్నుపాలు కలపండి. నిలవ ఉంచాలంటే ఫ్రీజరులో పెట్టి, వాడేటప్పుడు 50 డిగ్రీల సెల్సియస్ దాటని నీటిలో ఉంచి కరిగించండి. మరిగిస్తే ప్రతిరక్షకాలు పాడవుతాయి. బొడ్డుకు టించర్ అయోడిన్ పుట్టిన వెంటనే పెట్టండి. జున్నుపాలు అందాయో లేదో తెలియాలంటే రెండో రోజు నుంచి వారంలోపు, ఆరోగ్యంగా ఉన్న దూడల రక్తంలో సీరం ప్రోటీన్ చూపించండి. డెసిలీటరుకు 5.1 గ్రాముల కన్నా తక్కువ వస్తే అందనట్టే. పారుకుంటున్న దూడలో రక్తం చిక్కబడి అంకె ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మకండి.

పరీక్షలో కె99 లేదా క్లాస్ట్రిడియం తేలితే చూడి ఆవులకు టీకా వేయించడం గురించి డాక్టరుతో మాట్లాడండి. కె99, రోటా, కరోనా కలిసిన టీకాలు ఉన్నాయి, క్లాస్ట్రిడియంకు వేరేవి ఉన్నాయి. మొదటిసారి వేసే ఆవుకు సాధారణంగా రెండు మోతాదులు కావాలి. చివరి మోతాదు ఈనడానికి కొన్ని వారాల ముందే పడాలి, ఎన్ని వారాలన్నది టీకా సీసామీది కాగితంలో ఉంటుంది. ప్రతిరక్షకాలు జున్నుపాలలోకి చేరడానికి ఆ వ్యవధి పడుతుంది. కాబట్టి ఆవు కట్టిన తేదీ రాసిపెట్టుకుని, ఈనే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి టీకా రోజును ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.